ఫార్మాట్ కొట్టిన ఆదివారం

మా మహబూబాబాద్‌లో కంప్యూటర్‌కు ఏ జబ్బు చేసినా మందు ఒక్కటే, ఫార్మాట్ కొట్టడం. నిదానంగా నడిస్తే ఫార్మాట్, చప్పుడు చేస్తే ఫార్మాట్, ప్రింటర్ మొరాయించినా ఫార్మాటే. జలుబుకూ నడుం నొప్పికీ ఒకటే సూది పొడిచే ఊరి డాక్టర్లకు అలవాటుపడిన వాళ్లం కదా, ఎవరం ఎదురు ప్రశ్న వేయం.

మా ఇంట్లో ఆ సూది పొడిచేది మా ఆయన. భూపాలపల్లి బొగ్గు బాయిలో పని చేస్తాడు. వారమంతా అక్కడే ఉండి, ఆదివారం సెలవు దొరికితే ఇంటికి వస్తాడు. నేను ఇక్కడ సర్కారు బడిలో టీచర్ని. ఆయనకు శుభ్రత పిచ్చి. బాయిలోంచి పైకొచ్చి ఎంత రుద్దుకున్నా ఒంటి మీది మసి ఇంకా పోలేదన్న అనుమానం ఆయన్ను వదలదు. నేను కడిగి బోర్లించిన పళ్లేన్ని మళ్లీ కడుక్కుని తింటాడు. పెళ్లయిన కొత్తలో నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆయన ఇంట్లో ఉన్న రోజు గిన్నెలన్నీ ఆయనకే వదిలేస్తాను, పీడా పోతుంది.

అలాంటి మనిషి చేతికి మా పాత కంప్యూటర్ చిక్కింది. దాన్ని ఆన్ చేసి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. పాత విండోస్‌కు ఇక అప్‌డేట్లు రావని రోజూ ఒక హెచ్చరిక. బడి పనులు సగం దాని మీదే చేయాలి, అదేమో పడుకున్న బర్రెలా లేవనంటుంది.

"మీద మీద తుడిస్తె కాదు. మొత్తం సాఫ్ చేసి కొత్తగ ఎక్కియ్యాలె," అన్నాడు మా ఆయన.

"నా సామాను జాగ్రత్త."

"నీ సామానంత డి లనే ఉన్నది గద టీచరమ్మా. సి అంటె కంప్యూటర్‌ది, డి అంటె మనది. గంతే."

ఈ మాట ఆయన ఒక్కడిదే కాదు. మా వైపు కంప్యూటర్ ముట్టుకున్న ప్రతివాళ్లకూ మొదటి రోజే ఎవరో ఒకరు చెవిలో ఊదే మంత్రం ఇది. సి డ్రైవ్ చెడిపోయేది, డి డ్రైవ్ దాచుకునేది. నేనూ అలాగే నేర్చుకున్నాను, ఇంకో పదిమందికి అలాగే నేర్పాను.

డి లో నావి ఏమున్నాయంటే, ప్రశ్న పత్రాలు, ఫొటోలు, పిల్లల నాటికలు. వాటితో పాటు 'యాడి' అనే ఫోల్డర్ ఒకటి. మాది దంతాలపల్లి దగ్గరి తండా. మా లంబాడీ భాషలో అమ్మను యాడి అంటాం.

మా పెళ్లిళ్లలో ఆడపిల్ల అత్తవారింటికి సాగిపోయేటప్పుడు ఊరికే ఏడవదు, పాడుతూ ఏడుస్తుంది. తల్లి మెడ పట్టుకుని ఒక పాట, తండ్రికి ఒకటి, అన్నదమ్ములకు ఒకటి, దోస్తులకు ఒకటి, ఆఖరికి కొట్టంలోని ఆవుకు కూడా ఒకటి. దాన్నే ఢావ్లో అంటాం. పెళ్లికి ముందే పెద్ద ఆడవాళ్లు కూర్చోబెట్టి నేర్పుతారు. మా తండాలో నేర్పేది యాడి. ఆమె చేతి కింద నేర్చుకున్న పిల్ల ఏడుస్తుంటే పెళ్లికొడుకు తరఫువాళ్లు కూడా కళ్లు తుడుచుకునేవాళ్లు. ఇప్పుడు డీజే వచ్చింది. ఆ చప్పుడులో ఎవరు ఎవరి మెడ పట్టుకుని ఏడ్చినా వినపడదు.

బాపుకు, అంటే మా నాన్నకు, చక్కెర జబ్బు ముదిరి దవాఖానకు మాటిమాటికీ రావలసి రావడంతో ఇద్దరూ తండా నుంచి నా దగ్గరికే వచ్చేశారు. అప్పుడు నాకు బుద్ధి పుట్టింది, ఆ పాటలు దాచాలని. ఫోన్ తీసి పాడమంటే యాడి గయ్యిమంది.

"ఇంట్ల నుంచి ఎవ్వరు సాగిపోకుంట ఏడ్పు పాట పాడుతరా? ఫోన్ల పెడ్తె అది యాల్లగాని యాల్ల మోగుతది. దీపం పెట్టేటాల్లకు ఇంట్ల ఏడ్పు మోగితె మంచిదా?"

నా ఫోన్ ఎప్పుడు ఎందుకు మోగుతుందో నాకే తెలియదు కాబట్టి నేనూ గట్టిగా కాదనలేకపోయాను. చివరికి ఒప్పందం కుదిరింది. ఆమె పాడదు. రాగం లేకుండా మాటలు మాత్రం చెబుతుంది. నేను టైప్ చేసుకోవాలి.

టైపింగ్ నాకు వచ్చు. జనగామలో టీచర్ ట్రైనింగ్ చదువుకునేటప్పుడు ఒక డీటీపీ షాపులో ఖాళీ వేళల్లో పనిచేశాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, దుకాణాల బిల్లు బుక్కులు, అన్నీ కొట్టాను. అప్పటి తెలుగు ఫాంట్లు ఇప్పుడు ఫోన్లో కనిపించే తెలుగులాంటివి కావు. కంప్యూటర్ లోపల ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి, వాటి మీద తెలుగు ముసుగు వేసినట్టు ఆ ఫాంటు ఉంటుంది. ఫాంటు ఉంటేనే తెలుగు, లేకపోతే పిచ్చిగీతలు. నా వేళ్లకు అదే అలవాటు.

అయితే మా భాషలో కొన్ని పలుకులు తెలుగు అక్షరాలకు లొంగవు. సగం పలికి సగం గొంతులో దాచుకునేవి ఉంటాయి. ఆ షాపు అన్నను వెళ్లి అడిగాను. ఆయన ఫాంటునే విప్పి, కొన్ని అక్షరాల కింద చుక్క పెట్టి, మాకోసం కొత్తగా కట్టి ఇచ్చాడు. ప్రపంచంలో ఆ ఫాంటు అవసరం మా ఇంటికి తప్ప ఇంకెవరికీ లేదు. ఉన్నది కూడా మా కంప్యూటర్‌లోనే.

బడి నుంచి వచ్చాక యాడి కుర్చీలో, నేను కీబోర్డు ముందు, బాపు పక్కనే మంచం మీద. పని ముగ్గురిదీ అయింది. ఎందుకంటే బాపు నోరు ఊరుకోదు.

యాడి చెప్పేది: "నాయినా, నీ చేని గట్టు తొక్కిన నా కాళ్లు రేపటి సంది ఎవల గట్టు తొక్కాలె?"

మంచం మీది నుంచి బాపు: "గట్టెక్కడిది? మా మామకు చేనే లేకపాయె. ఉన్న జర భూమి పడావు పడి బీడాయె."

యాడి అటు చూడకుండానే: "నీకు పిల్లనిచ్చిననాడే పడావు పడ్డది."

నేను విన్నది విన్నట్టు కొట్టుకుంటూ పోయేదాన్ని. ఆగితే యాడికి లయ తప్పుతుందని ఆపలేదు. బాపు మాటలు తర్వాత తీసేద్దాంలే, పాట శుభ్రంగా ఉంచుదాం అనుకున్నాను. బడి పనులు ఎక్కువై ఆ 'తర్వాత' ఎప్పుడూ రాలేదు. వచ్చి ఉంటే నా అంత దురదృష్టవంతురాలు ఉండేది కాదు.

బాపు పోయి రెండు వానకాలాలు అయింది. ఆయన ఫొటోలు ఉన్నాయి. ఏ ఫొటోలో చూసినా పోలీసు స్టేషన్‌లో నిలబెట్టినట్టు బిర్రుగా ఉంటాడు. నవ్వుతూ, ఎదుటివాళ్లను గిల్లుతూ మాట్లాడే మనిషి ఎక్కడైనా మిగిలాడా అంటే ఆ ఫోల్డర్‌లోనే. ఆయన ఒకరి మాటకు ఎలా అడ్డం వచ్చేవాడో, ఏ మాటకు ఏ మాట అంటించేవాడో, అదంతా అందులో ఉంది. పాటలు పోతే యాడి మళ్లీ చెబుతుంది. బాపు మాటలు పోతే చెప్పేవాళ్లు లేరు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ డి లో ఉన్నవి ఎక్కడికి పోతాయిలే అన్న ధీమా.

ఆ ఆదివారం పొద్దున చాయ్ తాగి మొదలుపెట్టాం. మా ఆయన తెచ్చిన ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి డి మొత్తం కాపీ పెట్టాం. డెస్క్‌టాప్ మీద పడేసినవి, డౌన్‌లోడ్స్‌లో మూలుగుతున్నవి ఏరాం. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు తీసి పెట్టుకున్నాం. నెట్ పట్టుకోవడానికి కావలసిన డ్రైవర్ ఫైలు వేరేగా దించాం, అది లేకపోతే కొత్త సిస్టమ్ గుడ్డిదై కూర్చుంటుందని. కాపీ అయినవాటిలో నాలుగైదు తెరిచి చూశాం. ఫొటోలు తెరుచుకున్నాయి, 'యాడి' ఫోల్డర్‌లోని ఫైళ్లూ తెరుచుకున్నాయి. తెరుచుకోవా మరి, ఫాంటు ఇంకా కంప్యూటర్‌లోనే ఉందాయె!

యాడి గుమ్మం దగ్గర చిక్కుడుకాయలు తుంచుతూ అంతా చూస్తోంది.

"ఇల్లు ఖాళీ చేస్తున్నరా అందుట్ల?"

"అవునత్తా. సామానంత బయట పెట్టినం. ఇగ కడుగుడే."

"మంచిగ చూసుకోర్రి. ఇల్లు మారేటప్పుడు పెద్ద సామాను ఎవలూ మర్వరు. గూట్లే దువ్వెన మరుస్తరు."

మేమిద్దరం నవ్వాం. అత్త మాటకు ఆయన భలే నవ్వాడు కూడా.

పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటర్ లేపాడు. మామూలుగా ఫార్మాట్ కొడితే పాత రాత కిందెక్కడో మిగిలే ఉంటుందట, తడిగుడ్డతో తుడిచిన పలక ఆరాక అక్షరం లీలగా కనపడినట్టు. అంత మురికి మా ఆయన భరిస్తాడా? సి, డి రెండూ తీసేసి, డిస్క్‌లో ప్రతి గడినీ సున్నాతో నింపే తుడుపు మొదలుపెట్టాడు. అది ఎంతకూ తెమలలేదు. మేం అన్నం తిన్నాం, ఆయన గిన్నెలు కడిగాడు, ఒక కునుకు తీశాడు, అయినా అది తుడుస్తూనే ఉంది. సాయంత్రానికి డిస్క్ అప్పుడే పుట్టినంత ఖాళీ అయింది. కొత్త విండోస్ చకచకా ఎక్కింది. ఆన్ చేస్తే చాయ్ గ్లాసు నోటి దగ్గరికి వచ్చేలోపు తెర వెలిగింది. ఆయన మీసం మెలేయడం ఒక్కటే తక్కువ.

నేను ముందుగా తెరిచింది యాడి ఫోల్డరే. డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు, విరిగిన గీతలు. ఇంకో ఫైలు తెరిచాను, అదీ అంతే. అన్నీ అంతే. ఫాంటు ఉండేది సి లో. ఆ సంగతి అప్పుడు తట్టింది. గూట్లో దువ్వెన మరిచాం.

"ఫైల్లయితె ఉన్నయ్ గద," అన్నాడు మా ఆయన మెల్లగా.

"ఉన్నయ్. చదువు. మా బాపు ఏమంటున్నడో చదివి చెప్పు."

ఆయన తల వంచుకున్నాడు. నేను ఊరుకోలేదు. సున్నాలు నింపినవు గద, ఆ సున్నాలల్ల మా బాపును ఏరి తీయి అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన తప్పు ఎంతో నా తప్పూ అంతే అని తెలిసే అన్నాను. కోపం చూపడానికి ఎదురుగా ఒక మనిషి దొరికితే తప్పులు పంచుకునే ఓపిక ఎవరికి ఉంటుంది? మర్నాడు పొద్దున ఆయన భూపాలపల్లి బస్సెక్కేటప్పుడు కూడా నేను సరిగా మాట్లాడలేదు.

యాడికి చెప్పలేదు. చెప్పకపోయినా ఆమెకు అర్థమైంది. "మళ్ల చెప్తలే బిడ్డా, నేనేం సచ్చిన్నా?" అంది. పాటల గురించే నా బాధ అనుకుంది పాపం. బాపు మాటలు కూడా అందులో ఉన్నాయని ఆమెకు తెలియదు.

రెండో శనివారం సెలవు రాగానే రైలెక్కి జనగామ వెళ్లాను. డీటీపీ షాపు ఉన్న చోట ఇప్పుడు ఫ్లెక్సీల షాపు ఉంది. యజమాని మాత్రం అదే అన్న. జుట్టు నెరిసింది, నవ్వు నెరవలేదు. సంగతి విని నెత్తి గోక్కున్నాడు.

"చుక్కల ఫాంటా? అది నీకోసం కట్టి నీకే ఇచ్చిన చెల్లె. నా కంప్యూటర్ ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టిచ్చిన్నో నాకే యాదికి లేదు."

మా ఇంటి మందే ఆయనా వాడాడు.

"చుక్కలు లేని పాతదైతె ఉన్నది. గిప్పటికి కూడా కొందరు ముసలోళ్లు అదే కావాలంటరు. పెట్టి సూడు. చుక్క పెట్టినకాడ ఖాళీ వస్తది గని మిగిలింది మొత్తం వస్తది."

పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చాడు. తిరుగు రైల్లో దాన్ని పర్సులో పెట్టుకోవడానికి కూడా భయపడి పిడికిట్లోనే పట్టుకుని కూర్చున్నాను. కాజీపేటలో ఎక్కిన ఒకామె నా పిడికిలి చూసి ఏ గుడి ప్రసాదమని అడిగింది.

ఇంటికి రాగానే ఫాంటు వేసి ఫైలు తెరిచాను. పిచ్చిగీతలు పోయి తెలుగు అక్షరాలు లేచి నిలబడ్డాయి. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అయితే జనగామ అన్న చెప్పినట్టే అక్కడక్కడా ఖాళీ డబ్బాలు. పురుగు తిన్న చిక్కుడాకులా ఉంది ఆ రాత. కొన్ని మాటలు ఊహకు అందుతున్నాయి, కొన్ని అందడం లేదు. టైప్ కొట్టింది నేనే, నాకే గుర్తులేదు. అప్పుడు వేళ్లు విన్నాయి కానీ నేను వినలేదు.

యాడిని పిలిచి పక్కన కూర్చోబెట్టాను. పాట చదవడం మొదలుపెట్టాను. ఖాళీ వచ్చిన చోట ఆగితే ఆమె అందించేది. చేని గట్టు దాకా వచ్చాక, కింద ఉన్నదాన్ని కూడా చదివాను.

"గట్టెక్కడిది, మా మామకు చేనే లేకపాయె..."

యాడి నా వైపు తిరిగింది.

"గదేంది? గది గూడ రాసినవా?"

"రాసిన."

"ఆయన అన్నయన్ని రాసినవా?"

"అన్నీ ఉన్నయ్ యాడీ."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత కుర్చీని నా దగ్గరికి జరుపుకుంది.

"పాట నాకొస్తది. పాట ఇడిసిపెట్టు. ఆయనయి చదువు."

నేను పాటలు దాటుకుంటూ బాపు మాటలే చదివాను. దోస్తుల పాట దగ్గర బాపు, "గీ పాట వచ్చేటాల్లకు నేను బండి కిందికి దూరి పండుకున్న. పెళ్లికొడుకేడి అని అందరు దేవులాడిన్రు," అన్నాడు. ఆవు పాట దగ్గర, "ఆవు ఏడ్సిందో లేదో గని, ఆవును ఇడిసిపెట్టి వచ్చినందుకు ఈమె నన్ను ఏడాది తిట్టింది," అన్నాడు. డబ్బాలు వచ్చిన చోట నేను ఆగకముందే యాడి చెప్పేస్తోంది, బాపు గొంతు పెట్టి మరీ. ఆయన సాగదీసే చోట సాగదీస్తూ, ఆయనలాగే ముక్కుతో ఒక చిన్న నవ్వు నవ్వుతూ. ఒక చోట మూడు డబ్బాలు వరుసగా వచ్చాయి. అదేం మాటని అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నీకెందుకే గది," అంది. ఆమె అలా సిగ్గుపడటం నేనెప్పుడూ చూడలేదు. నేను కూడా ఆ డబ్బాలను అలాగే వదిలేశాను.

ఇద్దరం పడీపడీ నవ్వాం. బాపు పోయిన తర్వాత మా ఇంట్లో అంత నవ్వు అదే మొదలు. మా ఆయన లేడే అనిపించింది. ఫోన్ చేసి చెప్పాలనుకున్నాను, నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవాలనుకున్నాను.

ఆఖరి ఫైలు చివర పాట అయిపోయాక ఒక్క వాక్యం ఉంది. దాంట్లో చుక్కల అక్షరం ఒక్కటీ లేదు. డబ్బాలు లేకుండా నిండుగా ఉంది. చదివాను.

"ఇగ చాలు తియ్యిండ్రి. ఆకలైతున్నది. జర అన్నం పెడ్తవా?"

యాడి లేచింది. చేతిలోని కొంగు నడుముకు దోపుకుని వంటింటి వైపు రెండడుగులు వేసింది. అప్పుడు ఆగిపోయింది. వెనక్కి తిరిగి మంచం ఉండే చోటు చూసింది. మేం ఆ మంచం ఎప్పుడో తీసేసి అక్కడ బట్టల బీరువా పెట్టాం.

నేను లేచి వెళ్లేసరికే ఆమె నా మెడ పట్టుకుంది. ఇంట్లోంచి ఎవరూ సాగిపోకుండా పాడొద్దన్న మనిషి, రాగం ఎత్తింది. అందులో పాత పాటల మాటలు ఒక్కటీ లేవు. ఆకలన్నావు, అన్నం వండి పెట్టాను, ఏ పొద్దుకు వస్తావని అడుగుతోంది. మెడ పట్టుకున్న మనిషికి రాగంలోనే బదులు చెప్పాలి, అది మా పద్ధతి. పాటలన్నీ టైప్ కొట్టినదాన్ని, నాకు ఒక్క ముక్క రాలేదు. యాడీ, యాడీ అని మాత్రం ఏడ్చాను.